పండుగారు

సంచీలో ముందుగా పెట్టాల్సినవి ముందువైపు గుండీలున్న చొక్కాలు. తలమీంచి తొడుక్కునేవి ఒక్కటి కూడా వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆపరేషనయ్యాక కొన్ని వారాలపాటు చేతులు పైకెత్తకూడదట. నాయనమ్మ చొక్కాలు మడిచి పెట్టింది, మళ్ళీ తీసింది, గుండీలు ఒక్కొక్కటీ లాగి చూసింది, మళ్ళీ మడిచి పెట్టింది.

"మడిచిందే మడుస్తున్నావు నాయనమ్మా. చొక్కాలకి కళ్ళు తిరుగుతాయి," అన్నాడు పండు, గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

"ఊరుకోండి. పండుగారికి అన్నీ వేళాకోళమే."

ఆ సంచీ అంటే ఆమెకు భయం. ఆమె కొడుకే కుట్టాడు దాన్ని. బండి సీట్లకు వాడగా మిగిలిన నల్ల రెగ్జిను ముక్కలు అతికి, అడుగున దళసరి అట్ట వేసి, ఏనుగు తొక్కినా చిరగదని చెప్పి ఇచ్చాడు. ఆమె భర్త ఆ సంచీ పట్టుకునే ఆఖరిసారి ఊరెళ్ళాడు. ఆమె కోడలు, అంటే పండు తల్లి, ఆ సంచీతోనే ఆసుపత్రిలో చేరింది. రెండుసార్లూ సంచీ ఇంటికొచ్చింది, మనిషి రాలేదు.

"మనింట్లో ఇంకో సంచీ లేదూ?"

"ఉంది. సిమెంటు సంచీ. దులిపి తెమ్మంటావా?"

ఆమె నవ్వలేదు. చొక్కాల పక్కన మెత్తటి తలగడ, నీళ్ళు పీల్చుకునే గొట్టం, వదులు పైజామాలు, మందుల పొట్లం పెట్టి జిప్పు లాగింది. జిప్పు సగంలో ఆగిపోయింది. ఆమె చటుక్కున చెయ్యి తీసేసింది. పండు వచ్చి, వేలితో బట్ట అంచు తప్పించి, ఒక్క లాగుతో మూసేశాడు.

ముందు గదిలోంచి సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముందు గది షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. సోఫాలు, కుర్చీలు, బండి సీట్లు కుట్టే షాపు అది. అందరూ ఆమె కొడుకును మేస్త్రి అనే పిలుస్తారు. ఆయన సోఫాకు బట్ట బిగించేటప్పుడు సన్నమేకులు గుప్పెడు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కో మేకునీ పెదాల మధ్యకు తెచ్చి, సుత్తికి అందించి కొడతాడు. ఆ పని చేసే వాళ్ళందరిదీ అదే అలవాటు. కాని మేస్త్రికి ఈ మధ్య ఇంకో అలవాటు కూడా అయింది. మాట్లాడటం ఇష్టం లేనప్పుడు, బిగించే పని లేకపోయినా, నోట్లో మేకులు పోసుకుంటాడు. ఆ ఉదయం లేచిన దగ్గర్నుంచీ ఆయన నోరు మేకులతోనే ఉంది.

పండు ఆ షాపులోనే పెరిగాడు. తల్లి పోయినప్పుడు ఆ బిడ్డకి ఊహ కూడా తెలియదు. మేస్త్రి స్పాంజి ముక్కల కుప్పలో పడుకోబెట్టుకుని పని చేసుకునేవాడు. కాస్త పెద్దయ్యాక వంకీ సూది చేతికిచ్చి, కుట్టు కనపడకుండా కుట్టడం నేర్పాడు. "ఏరా పండూ, దారం ఎక్కించావురా? శెభాష్ రా నాన్నా," అనేవాడు. అప్పటికి లోకం లెక్కలో పండు ఆడపిల్ల. అయినా మన ఇళ్ళలో ముద్దొచ్చిన ఆడపిల్లని 'ఏరా' అంటాం, 'నాన్నా' అంటాం, ఎవరూ వింతగా చూడరు.

వింతంతా తర్వాత మొదలైంది. చదువు ముగించి షాపులోనే నిలదొక్కుకున్నాక, ఒకరోజు పని మధ్యలో పండు చెప్పాడు. తాను అమ్మాయిని కానని, చిన్నప్పట్నుంచీ కానని, ఇంక అలా బతకలేనని. మేస్త్రి విని లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి 'ఏరా' అన్న మాట ఆయన నోట రాలేదు. "ఏమ్మా", "ఏం అమ్మాయ్", అంతే. అడగనన్నాళ్ళూ ధారాళంగా ఇచ్చిన మాటని, అడిగీ అడగ్గానే వెనక్కి తీసేసుకున్నాడు.

నాయనమ్మ పాట్లు వేరు. ఎదురుగా నిలబెట్టి మాట్లాడితే బాధ లేదు. తిన్నావా, పడుకున్నావా అంటే ఆడా మగా తేలదు. పండు గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడే వస్తుంది చిక్కు. పండు వచ్చింది అంటే బిడ్డ మొహం చిన్నబోతుంది. వచ్చాడు అంటే కొడుకు మొహం మాడిపోతుంది. ఆమె రెండిటికీ భయపడి, మధ్యలో ఒక సందు కనిపెట్టింది. "పండుగారు వచ్చారు. పండుగారు భోంచేశారు. పండుగారు బజారుకెళ్ళారు." మర్యాదలో ఆడామగా లేవు కదా. అలా అనగా అనగా అలవాటైపోయి, ఎదుట కూడా మీరు, మీరు అనడం మొదలుపెట్టింది.

"నేనేమన్నా ఈ ఇంటికి కొత్తల్లుడినా, మీరూ గారూ అంటావు?" అని పండు మొదట్లో నవ్వేవాడు. తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు. ఒకసారి మెల్లిగా అన్నాడు: "పరాయివాళ్ళని పిలిచినట్టుంటుంది నాయనమ్మా. నాన్నేమో తిట్టినట్టు పిలుస్తాడు. నువ్వేమో సాగనంపుతున్నట్టు పిలుస్తావు."

ఆపరేషన్ సంగతి తెలిసినప్పుడు ఆమె కూడా వద్దనే అంది. మనసు మార్చింది ఒక వేసవి మధ్యాహ్నం. పండు రొమ్ములు కనపడకుండా ఛాతీ చుట్టూ బిగుతు పట్టీ వేసుకునేవాడు. ఆ పట్టీతోనే రెగ్జిను తానులు మోసేవాడు, ఆ పట్టీతోనే వంగి సీట్లు బిగించేవాడు. ఆ రోజు ఊపిరాడక సోఫా మీద కూలబడ్డాడు. ఆమె పట్టీ విప్పి చూస్తే పక్కటెముకల పొడుగునా ఒరుసుకుని పుళ్ళు. వెన్న రాస్తుంటే పండు గోడవైపు తిరిగి అన్నాడు: "ఎవరిదో కోటు నాకు తొడిగి కుట్టేసినట్టుంటుంది నాయనమ్మా. ఎండాకాలం కూడా విప్పడానికి లేదు."

ఆ వారమే ఆమె డాక్టరమ్మ దగ్గరికి తోడు వెళ్ళింది. డాక్టరమ్మ తొందరపడకుండా, చేత్తో గాలిలో గీతలు గీస్తూ చెప్పింది. రొమ్ముల్లోని కండ తీసేసి, ఛాతీని మగవాడి ఛాతీలా చదును చేస్తారు. కింద రెండు గీతలు మిగులుతాయి. రెండు పక్కలా సన్నటి గొట్టాలు పెడతారు, లోపల చేరిన నీరూ రక్తమూ బయటికి వచ్చేయడానికి.

"ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా?" అంది నాయనమ్మ.

"ఇంకా రకాలున్నాయమ్మా. కొందరు కిందివైపు కూడా చేయించుకుంటారు. కొందరు ఇంతటితో చాలంటారు. కొందరికి ఏదీ అక్కర్లేదు. కత్తి పెడితేనే మగవాడవుతాడని కాదు. ఈయనకి ఇది కావాలి, అంతే."

"తర్వాత కాదనుకుంటే, తీసేసినవి మళ్ళీ వస్తాయా?"

"రావు. అందుకే ఇన్ని నెలలుగా కూర్చుని మాట్లాడాం. మనసు చూసే డాక్టరు కూడా మాట్లాడారు. మాకు ఈయన మాటలో తొట్రుపాటు కనిపించలేదు. మీకు కనిపించిందా?"

నాయనమ్మ ఆలోచించి, లేదంది.

ఇప్పుడు సంచీ భుజాన వేసుకుని పండు షాపు గదిలోకి నడిచాడు. వెనకే ఆమె. మేస్త్రి తల ఎత్తలేదు. మేకు, సుత్తి, మేకు, సుత్తి.

"నాన్నా, వెళ్ళొస్తాను."

సుత్తి ఆగింది. ఆయన అరచేతిలోకి మేకులన్నీ ఉమ్మాడు. పండుతో కాదు, తల్లితో మాట్లాడాడు.

"వెళ్ళేది వెళ్ళనీ. నువ్వెందుకమ్మా?"

"తోడు ఒక మనిషుండాలన్నారురా."

"దానికి బుద్ధి లేదు సరే, నీకేమైంది? మా ఆవిడ కన్న కలలన్నీ ఈ పిల్ల మీద. దాని ఒళ్ళు అది కోయించుకోవడానికి వెళ్తుంటే నువ్వు తలగడ పట్టుకుని బయల్దేరావు." ఆయన సుత్తితో గుమ్మం వైపు చూపించాడు. "ఈ గడప దాటితే నా లెక్కలో నా కూతురు పోయినట్టే."

"ప్రయాణమప్పుడు అదేం మాటరా," అంది ఆమె. "నేను ఫోన్ చేస్తాను."

"నాకేం చెయ్యక్కర్లేదు."

అని మళ్ళీ మేకులు నోట్లో పోసుకున్నాడు. కాని వాళ్ళు గడప దాటుతూ వెనక్కి చూసేసరికి, జేబులో ఉండాల్సిన ఫోను తీసి, సోఫా చేతి మీద ఎదురుగా పెట్టుకుంటున్నాడు.

ఆసుపత్రిలో నర్సు చురుకైన పిల్ల. మంచం దగ్గర నిలబడి అడిగింది: "పేషెంటు మీకేమవుతారు బామ్మగారూ?"

"మనవ..." అని నాయనమ్మ ఆగింది. "మనవలు."

"మనవలా? ఎంతమంది?"

"ఒక్కరే."

మంచం మీద పండు దుప్పట్లో మొహం దాచుకుని నవ్వాడు. నర్సుకి అర్థం కాకపోయినా తనూ నవ్వింది. తీసుకెళ్ళే ముందు పండు ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు: "నేను తిరిగొచ్చేసరికి ఒక్కసారి పండుగాడు వచ్చాడు అంటావా? ఎవరితోనైనా సరే. ఆ నర్సుతోనైనా."

"ముందు మీరు క్షేమంగా రండి," అంది ఆమె. అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే చక్రాల మంచం మలుపు తిరిగింది.

మధ్యాహ్నానికి పండుని గదికి తెచ్చారు. ఛాతీ చుట్టూ తెల్లటి కట్టు, రెండు పక్కలా రెండు గొట్టాలు, వాటి చివర చిన్న బుడ్డీలు. మత్తులోనే "నాన్న వచ్చాడా?" అన్నాడు. "వస్తాడు," అంది ఆమె. సంచీని మంచం కిందికి, కనపడనంత లోపలికి తోసేసింది.

కాసేపటికి నర్సు బుడ్డీలు చూడటానికి వచ్చి, కుడివైపుది చూసి నవ్వు ఆపేసింది. కట్టు పక్కన వేళ్ళతో నొక్కింది. ఆ పక్క ఉబ్బుతోంది. నర్సు పరిగెత్తలేదు, అదే నాయనమ్మని మరీ భయపెట్టింది. నెమ్మదిగా గోడ మీద మీట నొక్కింది. డాక్టరమ్మ వచ్చి ఒక్క చూపు చూసి చెప్పింది: "లోపల ఒక నాళం కారుతోంది, రక్తం గడ్డకడుతోంది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి ఆపేయాలి. ఇది అప్పుడప్పుడూ జరిగేదే బామ్మగారూ, మేం చూసుకుంటాం."

పండు పెదాలు పాలిపోయి ఉన్నాయి. మంచం చక్రాలు కదిలాయి. నాయనమ్మ వెనకే లిఫ్టు దాకా వెళ్ళింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఆమె అక్కడే నిలబడి, కొడుక్కి ఫోన్ చేసింది.

మొదటి మోతకే ఎత్తాడు. "ఏమైంది?"

"పండుగారికి రక్తం ఆగలేదురా. మళ్ళీ లోపలికి తీసుకు..."

"ఏంటి? తెగిపోతోంది. గట్టిగా చెప్పు."

"పోయారు అంటున్నా. తీసుకు పోయారు."

"ఎవరు?"

"పండుగారినేరా..."

అటువైపు నుంచి గరగరమని శబ్దం వచ్చి ఫోను ఆగిపోయింది. కోపంతో పెట్టేశాడనుకుంది ఆమె. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. ఇంకా తిడతాడేమోనని ఇక చేయలేదు. వెళ్ళి ఆపరేషన్ గది తలుపుకెదురుగా బల్ల మీద కూర్చుంది. కోడలప్పుడు కూడా ఇలాగే ఒక తలుపు. అప్పుడు కూడా కొడుక్కి ఫోన్ చేసింది ఆమే. షాపులో పనిలో ఉన్నవాడికి, ఒక్క ముక్కలో, పోయిందిరా అని చెప్పింది ఆమే. ఆ సంగతి ఆలోచించకూడదనుకుంటూ అదే ఆలోచిస్తూ కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మూతికి ఉన్న గుడ్డ కిందికి లాగి, "ఆగిపోయింది. బాగానే ఉన్నారు," అంది. అందరికీ గారు అనే డాక్టరమ్మ నోట ఆ మర్యాద ఎంత సులువుగా వచ్చిందో. నాయనమ్మ బల్ల అంచు పట్టుకుని లేచి, చక్రాల మంచం వెనక గది దాకా నడిచింది. పండు మొహానికి రంగు తిరిగొస్తోంది. ఆమె దుప్పటి సరిచేస్తుంటే బయట వరండా చివర నర్సుల బల్ల దగ్గర ఎవరిదో గొంతు వినపడింది.

"మా అమ్మాయి. పొద్దున ఆపరేషన్. పోయిందని ఫోనొచ్చింది. ఎక్కడ పెట్టారు?"

"పేరేంటండీ? ఆడవాళ్ళెవరూ లేరే ఇవాళ."

"ఎక్కడ పెట్టారమ్మా? చూసి వెళ్ళిపోతాను."

నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది. మేస్త్రి. తల నిండా స్పాంజి పొడి. చొక్కా కాలరుకి గుచ్చిన వంకీ సూది అలాగే ఉంది, దాన్నుంచి మూరెడు దారం వేలాడుతోంది. చేతిలో మడిచిన శాలువా. అది పండు తల్లిది. ఇన్నేళ్ళూ బీరువా అడుగున ఉన్నది. ఎందుకు తెచ్చాడో చూడగానే ఆమెకు తెలిసింది. కప్పడానికి.

"ఒరేయ్," అంది. "ఎవర్రా పోయిందన్నది?"

ఆయన తిరిగి చూశాడు. "నువ్వే కదా. రక్తం ఆగలేదన్నావు. పోయారన్నావు."

"తీసుకుపోయారన్నానురా. లోపలికి. మళ్ళీ కుట్టడానికి."

"పండుగారు పోయారన్నావు."

"పండుగారిని తీసుకుపోయారన్నాను."

మెల్లిగా మేస్త్రి గోడకి జారబడి, నేల మీద కూర్చుండిపోయాడు. "నీ గారు తగలెయ్య. నీ మీరు తగలెయ్య," అంటున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. "దారి పొడుగునా, ఆ మాట ఎందుకన్నానురా దేవుడా, పోయినట్టే అని ఎందుకన్నానురా అనుకుంటూ వచ్చాను. తెల్లారి నేనన్నాను, మధ్యాహ్నానికి నువ్వు ఫోన్ చేశావు." శాలువాతో మొహం తుడుచుకున్నాడు. "ఉందా మరి? ప్రాణాలతో ఉందా?"

ఆమె తలూపింది.

ఆయన లేచి గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి చూడలేదు, గుమ్మం చెక్కని చూస్తూ నిలబడ్డాడు. శాలువా మడత సవరించాడు. ఒక కాలు గడప మీద పెట్టాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

చిన్నప్పటి గొంతు అది. 'శెభాష్ రా' అన్నప్పటి గొంతు. నాయనమ్మ ఇన్నాళ్ళుగా ఆ గొంతు కోసమే చెవులు రిక్కించి బతికింది. బాగానే ఉంది అంటే చాలు, ఆ రెండో కాలు కూడా లోపలికొస్తుంది. శాలువా మంచం మీద పరుచుకుంటుంది. కొడుకు కూర్చుంటాడు, పండు నుదురు నిమురుతాడు. ఒక్క మాట.

ఆమె మంచం వైపు చూసింది. పండు కళ్ళు మూసుకునే ఉన్నాడు. కాని రెప్పల కింద కదలిక ఉంది. నిద్రపోయేవాళ్ళ ఊపిరి కాదది, బిగబట్టి వినేవాళ్ళ ఊపిరి. దుప్పటి కింద కాలి బొటనవేలు బిగుసుకుని నిలబడి ఉంది.

బాగున్నారు అందామా అనుకుంది. ఆ మాట నాలుక చివరే సిద్ధంగా ఉంది. అరిగిపోయిన, భద్రమైన మాట. మధ్యాహ్నం ఈ మనిషిని శాలువాతో పరిగెత్తించింది ఆ మాటే.

"బాగున్నాడు," అంది.

గొంతు గట్టిగానే వచ్చింది. వరండాలో నర్సు కూడా తలెత్తింది.

"కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఇందాక నిన్నడిగాడు."

మేస్త్రి గుమ్మం చెక్కనే చూస్తున్నాడు. దవడ కదిలింది, నోట్లో లేని మేకుని నాలుకతో వెతుక్కుంటున్నట్టు. గడప మీది కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో లోపలికి రెండడుగులు వేసి, మంచం దగ్గరికి కాదు, కుర్చీ దగ్గరికి వెళ్ళి, శాలువా దాని మీద పెట్టాడు. తల తిప్పి కట్టు వంక, గొట్టాల వంక చూశాడు. పనివాడి చూపు అది, ఎక్కడ బిగించారో, ఎక్కడ వదిలారో చూసే చూపు. మొహం వైపు చూపు వెళ్ళలేదు.

"కాలరుకి సూది ఉందిరా, గుచ్చుకుంటుంది," అంది నాయనమ్మ.

ఆయన సూది తీసి, దారం వేలికి చుట్టి, మందులున్న బల్ల మీద పెట్టాడు. పక్కనే ఉన్న ఫ్లాస్కు అందుకున్నాడు.

"టీ తెస్తాను. చక్కెర?"

"నాకు తక్కువ. వాడికి మామూలుగా."

"సరే," అన్నాడు. వరండాలో చెప్పుల చప్పుడు కాసేపు వినిపించింది, తర్వాత మెట్ల మీద.

పండు కళ్ళు తెరిచాడు. కణతల మీదుగా తడి చెవిలోకి జారింది. చెయ్యెత్తి తుడుచుకోవడానికి లేదు, నాయనమ్మే తుడిచింది.

"అన్నావు," అన్నాడు.

"అన్నానురా."

"వస్తాడా?"

"ఫ్లాస్కు పట్టుకెళ్ళాడుగా," అంది ఆమె. కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని, శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద వీధిలో లైట్లు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. టీ కొట్టు ఇక్కడికి కనిపిస్తోంది. జనం వస్తున్నారు, పోతున్నారు.

గొట్టాలు తీశాక పండు ఇంటికొచ్చాడు. సంచీ కూడా వచ్చింది. నాయనమ్మ సంచీని గుమ్మంలో దింపి, ముందు పండునే లోపలికి నడిపించింది. షాపు తాళంచెవి పక్క మంగలి షాపులో ఇచ్చి ఉంది. సోఫాకి బట్ట సగం వరకే బిగించి ఉంది. సుత్తీ, మేకుల డబ్బా లేవు. చేతులు ఎత్తగలిగే రోజు వచ్చాక, ఆ మిగతా సగం పండు ఆ వంకీ సూదితోనే పూర్తి చేశాడు.

మేస్త్రి మళ్ళీ రాలేదు. టీ తెస్తానని వెళ్ళింది ఒక గురువారం సాయంత్రం, వీధి లైట్లు వేసే వేళ.